బండి వయసు కాదప్పా, పొగ చూడండి



ఈరోజు పత్తి సంగతి కాదు, ఎర్రగడ్డల సంగతి కాదు. బండి కాగితాల సంగతి రాస్తా ఉండాను. పోస్టు పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి. చదివినాక ఒక్క పని చేయండి. బీరువాలోనో ట్రంకు పెట్టెలోనో పడేసిన సి బుక్కు తీసి, దాంట్లో గడువు తేదీ ఎప్పటిదాకా ఉందో చూడండి. ఎందుకు చూడమంటా ఉండానో కింద చెప్తాను.

మన పక్క బండ్లు ఎట్లాంటివో మీకు తెలుసు. పత్తి సీజన్లో ఆదోని మార్కెట్ యార్డు గేటు దగ్గర పొద్దున్నే నిలబడి చూడండి. వచ్చేదాంట్లో కొత్త బండి ఎన్ని, పాత బండి ఎన్ని? ఎమ్మిగనూరు సంతకు పోయే దారిలో చూడండి. పదిహేను, ఇరవై ఏండ్ల మోటార్ సైకిళ్లు, రంగు పోయిన ట్రాక్టర్లు, తలుపు తాడుతో కట్టిన వ్యాన్లు. ఇదేమీ మనకు పాత బండి మీద ప్రేమతో కాదు. తుంగభద్ర దిగువ కాలువ నీళ్లు చివరి దాకా రావు, మిగతాదంతా వాన మీద బతికే భూమి. ఒక ఏడు పండితే రెండేండ్లు అప్పు తీరుస్తాం. బండి మార్చేది ఎప్పుడు? రిపేరు చేసుకుంటూ నడిపేదే మనకు తెలిసిన దారి.

ఇప్పుడు ఆ దారి మీద కూడా లెక్క మొదలైంది. దాన్ని సరిగ్గా తెలుసుకోకపోతే మనకే నష్టం.

ముందుగా పుకార్ల సంగతి తేల్చుకుందాం. "15 ఏండ్లు దాటితే బండి సీజ్ చేస్తారంట, ట్రాక్టర్ గుజిరీకి ఏయాలంట" అని టీ కొట్ల కాడ చానా మంది అంటా ఉండారు. అది మన రాష్ట్రం సంగతి కాదు. ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతంలో మాత్రమే డీజిల్ బండికి పదేండ్లు, పెట్రోల్ బండికి పదిహేనేండ్లు అని గీత గీసినారు. గ్రీన్ ట్రిబ్యునల్ చెప్పిన ఆ మాటను 2018లో సుప్రీంకోర్టు కూడా ఖాయం చేసింది. ఇక 2023 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా 15 ఏండ్లు దాటిన బండికి రెన్యువల్ లేదన్న రూలు ఒకటి వచ్చింది. అది ప్రభుత్వ శాఖల బండ్లకు. మన సొంత బండికి కాదు.

మన సొంత బండికి చట్టం ఏమంటుందంటే, మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏండ్లు. తర్వాత బండి కండిషన్ చూపించి ఐదేండ్లకోసారి రెన్యువల్ చేయించుకోవచ్చు. బండి బాగుంటే ఎన్నిసార్లయినా చేయించుకోవచ్చు. ఇది 1988 మోటారు వాహనాల చట్టంలోనే ఉంది. కాబట్టి భయపడి మంచి బండిని ఇనుము రేటుకు అమ్ముకోవద్దు.

మరి ఇబ్బంది యాడ ఉందంటే, ఫీజులో.

2022 మార్చి దాకా మోటార్ సైకిల్ రెన్యువల్ ఫీజు 300 రూపాయలు, కారుకు 600. ఆ ఏడు ఏప్రిల్ 1 నుంచి బైకుకు 1,000, కారుకు 5,000 చేసినారు. 2025 ఆగస్టులో ఇంకో మెట్టు పెట్టినారు. 20 ఏండ్లు దాటిన బైకుకు 2,000, కారుకు 10,000. దీనికి తోడు మన రాష్ట్రం గ్రీన్ ట్యాక్సు ఉంది. అది ఉమ్మడి రాష్ట్రం నాటి నుంచి వస్తానే ఉంది. ఏజెంటు ఖర్చు, పోయి వచ్చే ఖర్చు, పోగొట్టుకున్న కూలి దినం నేను రాయడం లేదు. అవి మీకే తెలుసు.

ఈ లెక్కను మన పంటతో కొలిచి చూడండి. 2025లో ఎర్రగడ్డ రేటు పడిపోయినప్పుడు ప్రభుత్వం క్వింటాకు 1,200 ఇస్తామని చెప్పింది. ఆ రేటు దొరికిందనే అనుకుందాం. పాత కారు రెన్యువల్ ఫీజు కట్టాలంటే ఎనిమిది క్వింటాళ్లకు పైనే ఎర్రగడ్డలు పోవాలి. బైకుకు ఒకటిన్నర క్వింటాకు పైనే.

నా బండి 2007 మోడల్ స్ప్లెండర్. పత్తి బాగా పండిన ఏడు కొన్నాను. 2022లో 15 ఏండ్లు నిండినాయి. గడువు ముందే పోయి రెన్యువల్ చేయించినాను, 2027 దాకా ఉంది. మళ్లీ పోయేసరికి అది 20 ఏండ్ల లెక్కలోకి పోతుంది. ఆ 2,000 కడతాను. బండి ఇంకా బాగా నడుస్తా ఉంది కాబట్టి కడతాను. నా బాధ ఆ 2,000 గురించి కాదు. గడువు దాటిపోయిన వాళ్ల గురించి.

గడువు దాటితే ఏమవుతుందో చానా మందికి తెలీదు. రూల్లో ఒక లైను ఉంది. రెన్యువల్ ఆలస్యం అయితే బైకుకు నెలకు 300, కారుకు, ఇతర సొంత బండ్లకు నెలకు 500 అదనం. ఏడాదికి కాదు, నెలకు. నెల నిండకపోయినా నెల కిందే లెక్క.

మా ఊర్లో ఒకాయన దగ్గర 2003 మోడల్ ఓమ్నీ వ్యాను ఉంది. పేరు ఎందుకులే. ఊర్లో కాన్పు నొప్పులు వచ్చినా, పాము కరిచినా, రాత్రి పూట మొదట తలుపు కొట్టేది ఆయన ఇంటిదే. 108కి ఫోన్ చేస్తాం, అది వస్తుంది. వచ్చేదాకా ఆగలేని సమయం కొన్నిసార్లు ఉంటుంది కదా, అప్పుడు ఆ ఓమ్నీనే దిక్కు. ఆదోని ఆసుపత్రికి ఎన్నిసార్లు పోయిందో లెక్క లేదు. డీజిల్ ఖర్చు... కాదు కాదు, అది పెట్రోల్ బండి, పెట్రోల్ ఖర్చు ఇస్తే తీసుకుంటాడు, ఇవ్వకపోతే అడగడు.

ఆ బండి రిజిస్ట్రేషన్ 2018లో అయిపోయింది. ఆ ఏడు, తర్వాతి ఏడు ఆయన ఇంట్లో ఆరోగ్యం బాగాలేక కాగితాల మీదికి ధ్యాస పోలేదు. తర్వాత కరోనా వచ్చింది. ఇప్పుడు చేయిద్దామని లెక్క వేసుకున్నాడు. నేనే కూర్చుని వేసి పెట్టినాను. ఏడేండ్లకే లెక్కేస్తే 84 నెలలు. 84ను 500తో గుణిస్తే 42,000. దాని మీద 20 ఏండ్లు దాటిన బండి ఫీజు 10,000. మొత్తం 52,000. గ్రీన్ ట్యాక్సు వేరే. ఆ బండిని ఎవరికన్నా అమ్మితే 30,000 కూడా రాదు.

ఆయన నా ముఖం చూసి ఒకటే అన్నాడు. "బండి కంటే కాగితం ధర ఎక్కువైతే, కాగితం ఎవురు కొంటారన్నా?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఇట్లాంటి ఇండ్లు ఒక్క మా ఊర్లోనే ఎన్ని ఉన్నాయో! ఎవురూ బండి ఆపలేదు. కాగితాలు ఆపేసినారు, అంతే. రూలు చేసినోళ్లు ఏమనుకున్నారు? ఫీజు పెంచితే పాత బండి తీసేసి కొత్తది కొంటారని. టౌన్లో ఉద్యోగం చేసేవాళ్లు కొంటారేమో. మన పక్క జరిగింది వేరే. బండి రోడ్డు మీదే ఉంది, ఆఫీసు లెక్కలో మాత్రం లేదు. దానికి పొగ పరీక్ష లేదు, బ్రేకు పరీక్ష లేదు. పొగ తగ్గడానికి పెట్టిన ఫీజు, పొగ పరీక్షకే రాకుండా చేసింది.

ఇంకా పెద్ద ప్రమాదం ఇన్సూరెన్స్ దగ్గర ఉంది. దీన్ని జాగ్రత్తగా చదవండి.

రిజిస్ట్రేషన్ పోయిన బండికి చానా మంది ఇన్సూరెన్స్ కూడా కట్టడం మానేస్తారు. "ఎట్లాగూ కాగితాలు లేవు కదా" అని. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ అనేది పోలీసుకు చూపించే కాగితం కాదప్పా. మన బండి తగిలి ఎవురికన్నా కాలు విరిగినా, ప్రాణం పోయినా, ఆ కుటుంబానికి కట్టాల్సిన నష్టపరిహారం అది. ఇన్సూరెన్స్ లేకపోతే కోర్టు ఆ డబ్బు బండి ఓనర్ను కట్టమంటుంది. లక్షల్లో ఉంటుంది. మన దగ్గర లక్షలు యాడ ఉన్నాయి? ఉండేది భూమి ఒక్కటే. రోడ్డు మీద ఒక్క నిమిషం, తాత సంపాదించిన మూడెకరాలు పోతాయి. దెబ్బ తగిలిన కుటుంబం కూడా మనలాంటిదే. వాళ్లకూ డబ్బు చేతికి రాదు. రెండు కొంపలూ కూలిపోతాయి.

ఇన్సూరెన్స్ ఉండి రిజిస్ట్రేషన్ లేకపోయినా కంపెనీ పేచీ పెడుతుంది. రిజిస్ట్రేషన్ లేని బండికి జరిగిన నష్టం కంపెనీ ఇవ్వక్కర్లేదని సుప్రీంకోర్టు తీర్పులు ఉన్నాయి. అందుకే రెండూ ఉండాలి.

పొల్యూషన్ సర్టిఫికెట్ సంగతి కొంచెం వేరు. అది లేకపోతే ఇన్సూరెన్స్ రెన్యువల్ చేయొద్దని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. 2024 జులైలో ఆ షరతు తీసేసింది. కాబట్టి పొల్యూషన్ లేదని ఇన్సూరెన్స్ కట్టకుండా ఆగొద్దు. అట్లని పొల్యూషన్ అక్కర్లేదని కాదు. అది లేకుండా పట్టుబడితే 2019లో మార్చిన చట్టం ప్రకారం 10,000 దాకా జరిమానా ఉంది.

ఇప్పుడు రెండో పక్క కూడా మాట్లాడుకుందాం. మనం రైతులం కాబట్టి మన బండి పొగ పూల వాసన రాదు కదా.

2021 జనవరిలో కేంద్ర రవాణా శాఖ గ్రీన్ ట్యాక్సు ప్రతిపాదన పెట్టినప్పుడు ఒక లెక్క చెప్పింది. 2000 సంవత్సరానికి ముందు తయారైన బండ్లు దేశంలో ఒక్క శాతం కూడా లేవు, కానీ బండ్ల నుంచి వచ్చే కాలుష్యంలో 15 శాతం వాటిదే. కొత్త బండి కంటే అవి 10 నుంచి 25 రెట్లు ఎక్కువ పొగ కక్కుతాయి. ఇది కొట్టిపారేసే మాట కాదు. ఆదోనిలో ట్రాఫిక్ ఆగినప్పుడు ముందున్న పాత డీజిల్ ఆటో వెనక నిలబడితే తెలుస్తుంది. ఆ పొగ ముందుగా పీల్చేది ఎవురు? రోడ్డు పక్కన పండ్లు అమ్ముకునే అక్క, బస్సు కోసం నిలబడిన బడి పిల్లోళ్లు, యార్డులో బస్తాలు మోసే హమాలీ. కారులో అద్దాలు ఎత్తుకుని పోయేవాళ్లు కాదు. పొగ తగ్గించాలనే దాంట్లో మనకు పేచీ ఉండకూడదు.

అదే లెక్కలో ఇంకో మాట కూడా ఉంది. దేశంలో బాడుగకు తిరిగే కమర్షియల్ బండ్లు 5 శాతమే, కానీ బండ్ల కాలుష్యంలో 65 నుంచి 70 శాతం వాటిదే. ఎందుకంటే అవి దినమంతా తిరుగుతాయి, బరువు మోస్తాయి. అంటే పొగ అనేది బండి వయసుతో ఒక్కదానితోనే రాదు. ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఇంజన్ ఎట్ల పెట్టుకున్నారు అనే దాంతో కూడా వస్తుంది. నా స్ప్లెండర్ ఇంటి నుంచి పొలానికి, పొలం నుంచి ఇంటికి, వారానికోసారి టౌనుకు. దినానికి పది, పన్నెండు కిలోమీటర్లు దాటదు. దాన్నీ, దినానికి వంద కిలోమీటర్లు తిరిగే బండినీ పుట్టిన తేదీతో మాత్రమే కొలిస్తే ఏం న్యాయం?

ఆ ప్రతిపాదనలోనే ట్రాక్టరు, హార్వెస్టరు, టిల్లరు లాంటి వ్యవసాయ బండ్లకు గ్రీన్ ట్యాక్సు వద్దని రాసినారు. అంటే పొలం పని బండికి వేరే లెక్క ఉండాలని వాళ్లకూ తెలుసు. మరి అదే పొలానికి పోయే బైకు, అదే ఊరిని ఆసుపత్రికి మోసే ఓమ్నీ వాళ్ల కంటికి కనపడలేదు.

ఢిల్లీలో కూడా ఇదే గొడవ నడిచింది. 2025 జులై 1 నుంచి వయసు దాటిన బండికి బంకులో పెట్రోల్, డీజిల్ పోయొద్దన్నారు. జనం గోల పెట్టినారు, రెండు మూడు దినాలకే ఆపేసినారు. ఆగస్టులో సుప్రీంకోర్టు వయసు ఒక్కటే చూసి ఓనర్ల మీద చర్య తీసుకోవద్దంది. డిసెంబర్లో మళ్లీ మార్చి, ఆ ఊరట బీఎస్-4, దాని పైన ఉండే బండ్లకే అని చెప్పింది. అంటే అక్కడ కూడా వయసు లెక్క నుంచి పొగ లెక్క వైపు మెల్లగా జరుగుతా ఉండారు. ఇంకో సంగతి. అక్కడ గడువు దాటిన కార్లు ఎన్ఓసీ తీసుకుని వేరే రాష్ట్రాలకు అమ్ముడుపోయినాయి. ఢిల్లీలో తగ్గిన పొగ ఇంకో ఊర్లో వస్తా ఉంది. పొగ పోలేదు, అడ్రసు మారింది.

పొగను కొలిచే రూలు మనకు లేదా అంటే, ఉంది. ఎప్పటి నుంచో ఉంది. పొల్యూషన్ పరీక్ష అంటే అదే కదా. 2000 మార్చి తర్వాత తయారైన నాలుగు స్ట్రోకుల బైకుకు పొగలో కార్బన్ మోనాక్సైడ్ 3.5 శాతం, హైడ్రోకార్బన్ 4,500 పీపీఎం దాటకూడదు. అంతకు ముందు తయారైన బైకుకు 4.5 శాతం, 9,000 దాకా వదిలినారు. డీజిల్ బండికి పొగ చిక్కదనం చూస్తారు. బీఎస్-4కు ముందు వాటికి 65 యూనిట్లు, బీఎస్-4 వాటికి 50. చూసినారా, పాత బండిని దాని కాలం బట్టి కొలవాలనే తెలివి ఆ రూల్లోనే ఉంది. ఇది న్యాయమైన కొలత.

కానీ న్యాయమైన కొలతను మనం సరిగ్గా వాడటం లేదు. నంబర్ ప్లేటు ఫోటో కొట్టుకుని, సైలెన్సర్లో గొట్టం పెట్టకుండానే కాగితం చేతిలో పెట్టేవాళ్లు ఉండారు. మనం కూడా "తొందరగా ఇయ్యన్నా" అని తీసుకుని పోతా ఉంటాం. నిజంగా పొగ చూసే పరీక్ష పేరుకే మిగిలింది. వయసు చూసే ఫీజు మాత్రం పైసాతో సహా వసూలు అవుతుంది. తిరగబడిపోయింది వ్యవహారం.

నేను అడిగేది మూడే మాటలు. ఫీజు ఎత్తేయమని కాదు.

ఒకటి, గడువు దాటిన పాత బండ్లకు ఆ నెలనెలా పడే అదనం ఒక్కసారి మాఫీ చేసి, ఆర్నెల్లు టైము ఇవ్వండి. అసలు ఫీజు కట్టించుకోండి. వేల బండ్లు మళ్లీ లెక్కలోకి వస్తాయి, ప్రభుత్వానికి కూడా డబ్బే వస్తుంది.

రెండు, పొగ పరీక్షలో బాగా పాసైన బండికి ఫీజు తగ్గించండి, ఫెయిలైన దానికి పెంచండి. అప్పుడు మనిషి ఏజెంటు కాడికి కాదు, మెకానిక్ కాడికి పోతాడు.

మూడు, బ్రేకు ఇన్‌స్పెక్టరును, పొగ మిషన్ను నెలకో దినం మండలాలకు పంపండి. సంత దినం చూసి పెట్టండి. కోసిగి, పెద్దకడబూరు, హొళగుంద మనిషి ఒక బైకు కాగితం కోసం రెండు దినాల కూలి పోగొట్టుకోకుండా ఉంటాడు.

గ్రీన్ ట్యాక్సు పెరిగినప్పుడు లారీ ఓనర్లు సంఘంగా పోయి అడిగినారు, తగ్గించుకున్నారు. పాత బైకు ఉన్నోళ్లకు సంఘం లేదు. అందుకే మనకు మనమే చెప్పుకోవాలి.

ఇక ప్రభుత్వం చేసేదాకా మనం చేసుకోగలిగేవి.

సి బుక్కు గడువు చూడండి. అయిపోవడానికి రెండు నెలల ముందే మొదలు పెట్టండి. గడువు దాటి కొన్ని నెలలే అయ్యుంటే ఈ నెలలోనే పోండి. ఆగేకొద్దీ అప్పు మీద వడ్డీ మాదిరి పెరుగుతుంది.

థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఒక్క దినం కూడా తప్పనీయొద్దు.

పొగ రంగు చూడటం నేర్చుకోండి. నల్ల పొగ వస్తే ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయింది, లేదా నాజిల్, పంపు సెట్టింగ్ తప్పింది. మన దుమ్ములో ట్రాక్టర్ ఎయిర్ క్లీనర్ ఎంత తొందరగా నిండుతుందో చెప్పక్కర్లేదు. నీలి పొగ వస్తే ఇంజన్ ఆయిల్ కాలుతా ఉంది, రింగులో వాల్వ్ సీలో అరిగింది. తెల్ల పొగ చలి పొద్దున కొంచెం సేపు వస్తే పర్వాలేదు, ఇంజన్ వేడెక్కినాక కూడా వస్తా ఉంటే లోపలికి నీళ్లు పోతున్నాయేమో చూపించండి. పొగ ఎక్కువంటే డీజిల్ కూడా ఎక్కువ తాగుతుంది. పొగలో పోయేది మన డబ్బే.

బండి నిజంగా పనికిరాకుండా పోతే గుజిరీ వాడికి అట్లే ఇచ్చేయొద్దు. మీ పేరు మీదే రిజిస్ట్రేషన్ ఉండిపోతుంది, దాంతో ఎవుడేం చేసినా పోలీసు మీ ఇంటికే వస్తాడు. ప్రభుత్వం గుర్తించిన స్క్రాపింగ్ సెంటర్లో ఇస్తే సర్టిఫికెట్ ఇస్తారు, దాన్ని చూపిస్తే కొత్త సొంత బండి రోడ్డు ట్యాక్సులో 25 శాతం దాకా తగ్గింపు ఇవ్వొచ్చని కేంద్రం రూలు పెట్టింది. కనీసం ఆర్టీవో ఆఫీసులో చెప్పి రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకోండి.

మా ఊరి ఓమ్నీ ఆయనకు నేను చెప్పింది ఒకటే. మాఫీ వస్తుందేమోనని ఎదురు చూడు, కలెక్టరాఫీసులో సోమవారం అర్జీ కూడా పెడదాం, నేనూ వస్తాను. అప్పటిదాకా రాత్రి పూట ఎవురన్నా తలుపు కొడితే ఏం చేయాలో మాత్రం నేను చెప్పలేకపోయినాను. పోవద్దని చెప్పే నోరు నాకు లేదు, పో అని చెప్పే ధైర్యమూ లేదు. ఈ పోస్టు ఎవరన్నా ఆఫీసర్లు చదివితే ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పండి సార్.

మీ బండి ఏ ఏడుది, గడువు ఎప్పటిదాకా ఉందో చూసుకుని రాయండి. అందరివీ కలిపి అర్జీతో పాటు తీసుకుని పోతాను.

ఉంటాను.